ఊరి చెత్త, వాడ చేతులు: ఘన వ్యర్థాల నిర్వహణ గురించి మనం తెలుసుకోవాల్సింది

తెల్లవారుజామున ఏ పట్టణంలోనైనా పారిశుధ్య కార్మికుల హాజరు పాయింటు దగ్గరికి వెళ్లి నిలబడితే, మన దేశంలో చెత్త నిర్వహణ ఎలా నడుస్తోందో సగం అర్థమవుతుంది. చీపురు, పార, తట్ట పట్టుకుని వరసలో నిలబడ్డవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లు. ఎక్కడి నుంచి వస్తున్నారని అడిగితే వాళ్లు చెప్పేవి ఎక్కువగా దళితవాడల పేర్లే. హాజరు వేసే మేస్త్రీ నుంచి ఇన్‌స్పెక్టరు, కాంట్రాక్టరు, కమిషనర్ దాకా పైకి వెళ్లేకొద్దీ కులం మారుతూ పోతుంది. మిగతా సగం అర్థం కావాలంటే ఆ చెత్త చివరికి చేరే డంపింగ్ యార్డు దాకా వెళ్లి, దాని పక్కన ఎవరి ఇళ్లున్నాయో చూడాలి.

చెత్త గురించి మాట్లాడేటప్పుడు ప్రభుత్వాలు డబ్బాల రంగుల గురించి, యంత్రాల గురించి, స్వచ్ఛ ర్యాంకుల గురించి చెబుతాయి. అవన్నీ అవసరమే. అయితే ఒక ఊరు తన చెత్తను సరిగ్గా నిర్వహిస్తోందా లేదా అన్నది తేల్చడానికి మేం రెండు ప్రశ్నలు ముందు పెడతాం. ఆ చెత్త ఎవరి చేతుల మీదుగా పోతోంది? ఎవరి ఇంటి పక్కకు చేరుతోంది? విద్యార్థులకు, ఉద్యమ కార్యకర్తలకు ఉపయోగపడేలా ఈ వ్యవస్థ పనితీరును, చట్టాలను, హక్కులను ఒకచోట చేర్చి ఇక్కడ ఇస్తున్నాం.

పెంటకుప్ప నుంచి ప్లాస్టిక్ గుట్ట దాకా

మన పల్లెల్లో చెత్త అంటే ఒకప్పుడు పేడ, ఊడ్చిన మట్టి, బూడిద, కూరగాయల తొక్కలు, గడ్డి. ఇవన్నీ పెంటకుప్పకు చేరేవి. వేసవిలో బండ్ల మీద పొలానికి పోయేవి. కుప్ప ఎత్తి పొలానికి తోలేది ఎక్కువగా పాలేర్లు, వెట్టివాళ్లు. ఎరువు పడే పొలం మాత్రం వాళ్లది కాదు. పాత ఏర్పాటును పొగిడేటప్పుడు ఈ మాట కూడా గుర్తుంచుకోవాలి.

ప్లాస్టిక్ కవర్లు, షాంపూ ప్యాకెట్లు, డైపర్లు, బ్యాటరీలు, ట్యూబులైట్లు వచ్చాక పెంటకుప్ప ఎరువుగా పనికిరాకుండా పోయింది. పొలానికి పోని చెత్త చెరువు గట్టుకో, వాగులోకో, ఊరి చివరికో చేరడం మొదలైంది. మన ఊళ్లలో ఊరి చివర ఉండేది వాడ.

కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2020-21 వార్షిక నివేదిక ప్రకారం దేశంలో రోజుకు సుమారు 1,60,000 టన్నుల ఘన వ్యర్థాలు వస్తున్నాయి. అందులో సుమారు 1,52,700 టన్నులు సేకరిస్తున్నారు. శుద్ధి చేస్తున్నది దాదాపు 80,000 టన్నులు, అంటే సగం. ల్యాండ్‌ఫిల్‌కు పోతున్నది 29,400 టన్నులు. మిగిలిన 50,000 టన్నులకు పైగా చెత్త ఏమైందో లెక్కలో లేదు. లెక్కలో లేకపోయినా అది ఎక్కడో ఒకచోట పడుతుంది, ఎవరో ఒకరి గాలిలోకీ నీళ్లలోకీ చేరుతుంది.

ఈ పనికి కులం ఎలా అంటుకుంది

కులం అంటే పని విభజన కాదని, పనివాళ్ల విభజన అని అంబేద్కర్ 1936లో 'కుల నిర్మూలన'లో వాదించారు. పారిశుధ్యంలో ఇది కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. తెలుగు ప్రాంతాల్లో మాదిగ, మాల, రెల్లి, మెహతర్ కులాలవాళ్లూ, కోస్తా పట్టణాల్లో యానాదులూ మునిసిపాలిటీలు పెట్టిన నాటి నుంచి ఈ పనిలో ఉన్నారు. బెంగళూరు వీధులు ఊడ్చే పౌరకార్మికుల్లో పెద్ద సంఖ్యలో ఉన్నది తెలుగు మాట్లాడే మాదిగలు. చెన్నైలోనూ ఆది ఆంధ్రులుగా, అరుంధతీయులుగా నమోదైన తెలుగు కుటుంబాలు తరాలుగా ఇదే పనిలో ఉన్నాయి. పొట్టకూటికి ఊరు దాటినా కులం వాళ్లను చీపురు దగ్గరికే చేర్చింది.

ఇందులో చట్టం పాత్ర కూడా ఉంది. 1916 నాటి యునైటెడ్ ప్రావిన్సెస్ మునిసిపాలిటీల చట్టంలో, వంశపారంపర్యంగా ఇళ్లు శుభ్రం చేసే సఫాయి మనిషి పనిలో నిర్లక్ష్యం చూపితే శిక్షించే సెక్షన్ ఉంది. ఇలాంటి చట్టాలను అంబేద్కర్ తన రచనల్లో ఎండగట్టారు. 1935లో బొంబాయిలో మునిసిపల్ కార్మికుల సంఘం పెట్టడంలోనూ ఆయన ముందున్నారు. పారిశుధ్య కార్మికుల పోరాటం అంబేద్కర్ ఉద్యమంలో మొదటి నుంచీ భాగమే.

స్వాతంత్ర్యం తర్వాత పర్మనెంటు మునిసిపల్ ఉద్యోగం వచ్చినచోట జీతం, పింఛను కొన్ని కుటుంబాలను నిలబెట్టాయి. పిల్లలు చదువుకున్నారు. 1990ల తర్వాత నగరాలు ఒక్కొక్కటిగా కాంట్రాక్టు పద్ధతికి మళ్లాయి. పని అదే, మనుషులు వాళ్లే, పోయింది ఉద్యోగ భద్రత.

కేంద్ర ప్రభుత్వం 'నమస్తే' పథకం కింద మురుగు కాల్వలు, సెప్టిక్ ట్యాంకులు శుభ్రం చేసే కార్మికుల వివరాలు సేకరించింది. 2024లో వెలువడిన లెక్కల ప్రకారం, అప్పటికి నమోదైన సుమారు 38,000 మందిలో దాదాపు 92 శాతం ఎస్సీ, ఎస్టీ, ఓబీసీలు. ఒక్క ఎస్సీలే 68.9 శాతం. చెత్త ఏరుకునేవాళ్లను ఈ పథకంలోకి తీసుకుంది 2024లోనే.

చెత్త నడిచే దారి

పట్టణ చెత్తలో దాదాపు సగం తడి చెత్త. అన్నం, కూరగాయల తొక్కలు, ఆకులు, మాంసం వ్యర్థాలు ఇందులోకి వస్తాయి. కాగితం, ప్లాస్టిక్, సీసాలు, ఇనుము, గుడ్డలు పొడి చెత్త. బ్యాటరీలు, పురుగుమందు డబ్బాలు, గడువు తీరిన మందులు, రంగు డబ్బాలు ఇంటి నుంచి వచ్చే ప్రమాదకర చెత్త. శానిటరీ ప్యాడ్లు, డైపర్లను పొట్లం కట్టి విడిగా ఇవ్వాలి.

వీటిని ఇంట్లోనే వేరు చేయడం మీదే మొత్తం వ్యవస్థ ఆధారపడి ఉంది. వేరు చేసిన తడి చెత్తకు గాలి ఆడేలా, తేమ సరిపడా ఉండేలా చూసి, ఎండుటాకులు కలుపుతూ పోతే ఆరు నుంచి ఎనిమిది వారాల్లో కంపోస్టు అవుతుంది. వానపాములతో వర్మీ కంపోస్టు చేయవచ్చు. హోటళ్లు, హాస్టళ్లు, కూరగాయల మార్కెట్ల నుంచి ఒకేచోట ఎక్కువగా వచ్చే చెత్తకు బయోగ్యాస్ బాగా పనికొస్తుంది. పొడి చెత్త శుభ్రంగా వస్తే స్క్రాప్ కొట్టులో ధర పలుకుతుంది.

వేరు చేయకపోతే కుళ్లిన అన్నం కాగితానికి అంటుకుంటుంది, డైపర్ కూరగాయల తొక్కల్లో కలుస్తుంది, పగిలిన గాజు తడి చెత్తలో దాక్కుంటుంది. ఇంట్లో ఒకరు రెండు నిమిషాలు పెట్టి చేయాల్సిన పనిని, చెత్త బండి మీద నిలబడిన మనిషి చేతులతో చేయాల్సి వస్తుంది. మా దృష్టిలో చెత్త వేరు చేయకపోవడం బద్ధకం మాత్రమే కాదు. ఆ మురికిని తాకడానికి వేరే మనుషులున్నారనే ధీమా దాని వెనక ఉంది. అంటరానితనం ఇంటి గుమ్మం దగ్గర రోజూ ఇలా కనిపిస్తుంది.

కలిసిపోయిన చెత్త గుట్టగా పడితే లోపల గాలి ఆడక మీథేన్ పుడుతుంది. ఎండాకాలంలో అది అంటుకుంటే ఆర్పడం కష్టం. 2023 మార్చిలో కొచ్చి దగ్గర బ్రహ్మపురం యార్డు రోజుల తరబడి తగలబడి నగరమంతా పొగ కమ్మింది. వానాకాలంలో ఆ గుట్ట నుంచి లీచేట్ అనే నల్లటి ఊట కారి బోరునీళ్లలోకి, చెరువుల్లోకి దిగుతుంది. హైదరాబాద్ చెత్త చేరే జవహర్‌నగర్‌లో మల్కారం చెరువుకు పట్టిన గతి ఇదే.

చెత్తను కాల్చి కరెంటు తీసే ప్లాంట్లు జవహర్‌నగర్, విశాఖపట్నం, గుంటూరులో వచ్చాయి. తడి చెత్త ఎక్కువ ఉన్న మన చెత్త సరిగ్గా మండదు. బాగా మండే కాగితం, ప్లాస్టిక్‌లో చాలా భాగం ఏరుకునేవాళ్లకు కూడు పెట్టే సరుకు. అందుకే ఇలాంటి ప్లాంటు వస్తోందంటే పొగ గురించి ఎంత గట్టిగా అడుగుతామో, ఉపాధి కోల్పోయేవాళ్ల గురించీ అంతే గట్టిగా అడగాలి.

చట్టం ఏం చెబుతోంది

పట్టణాల్లో ఘన వ్యర్థాల నిర్వహణ మునిసిపాలిటీల పని అని 74వ రాజ్యాంగ సవరణతో వచ్చిన 12వ షెడ్యూలు చెబుతోంది. ఆరోగ్యం, పారిశుధ్యం పంచాయతీల పని అని 11వ షెడ్యూలు చెబుతోంది. 1996లో అల్మిత్రా పటేల్ సుప్రీంకోర్టులో వేసిన ప్రజాప్రయోజన వ్యాజ్యం ఫలితంగా 2000లో మొదటి నిబంధనలు వచ్చాయి. వాటి స్థానంలో 2016 ఏప్రిల్ 8న ఘన వ్యర్థాల నిర్వహణ నిబంధనలు వెలువడ్డాయి. చెత్తను నాలుగు రకాలుగా వేరు చేయాలనే కొత్త ముసాయిదాను కేంద్రం 2024 డిసెంబరులో ప్రకటించింది. ఇన్నేళ్ల పోరాటాలకు ఆధారంగా నిలిచిన 2016 నిబంధనలు చెప్పినవాటిలో మనకు ముఖ్యమైనవి ఇవి:

- ప్రతి ఇల్లూ చెత్తను తడి, పొడి, ప్రమాదకర అనే మూడు రకాలుగా వేరు చేసి ఇవ్వాలి. వీధిలో పారేయడం, కాల్చడం, పూడ్చడం నిషేధం.
- 5,000 చదరపు మీటర్లకు మించిన గేటెడ్ కాలనీలు, సంస్థలు, అలాగే హోటళ్లు తమ తడి చెత్తను వీలైనంత వరకు తమ ఆవరణలోనే కంపోస్టు లేదా బయోగ్యాస్ చేయాలి.
- చెత్త ఏరుకునేవాళ్ల సంఘాలను స్థానిక సంస్థ గుర్తించాలి. ఇంటింటి సేకరణలో వాళ్లకు చోటు ఇవ్వాలి. పొడి చెత్త వేరు చేసుకోవడానికి స్థలం చూపాలి.
- చెత్తతో పనిచేసే ప్రతి కార్మికుడికీ యూనిఫాం, మెరిసే జాకెట్, చేతి తొడుగులు, రెయిన్‌కోటు, తగిన పాదరక్షలు, మాస్కు ఇచ్చేలా స్థానిక సంస్థ చూడాలి.
- ల్యాండ్‌ఫిల్ నదికి 100 మీటర్లు, చెరువుకు, ఇళ్లకు, రహదారికి, మంచినీటి బావులకు 200 మీటర్లు దూరంగా ఉండాలి. తిరిగి వాడలేని, కుళ్లని, మండని చెత్త మాత్రమే అక్కడికి పోవాలి.

బహిరంగంగా చెత్త కాల్చడాన్ని నిషేధిస్తూ జాతీయ హరిత ట్రిబ్యునల్ 2016 డిసెంబరులో ఆదేశాలిచ్చింది. జరిమానా మామూలుగా 5,000 రూపాయలు, పెద్దఎత్తున కాలిస్తే 25,000. ఆచరణలో మాత్రం కాల్చమని పైవాళ్లు చెప్పడం, నింద కింది కార్మికురాలి మీద పడటం మనం చూస్తూనే ఉన్నాం.

చేసి చూపించిన చోట్లు

మన దగ్గర ఇది జరగదు అనేవాళ్లకు తెలుగు నేల మీదే జవాబుంది. 2000 దశకం మొదట్లో సూర్యాపేట, బొబ్బిలి మునిసిపాలిటీలు పెద్ద యంత్రాలు లేకుండానే ఇంటింటికీ బండి పంపి, తడి, పొడి వేరు చేయించి, వర్మీ కంపోస్టు చేసి, పొడి చెత్త అమ్మి దేశం దృష్టిని ఆకర్షించాయి. ఒక అధికారి పట్టుదలతో నడిచే పని ఆ అధికారి బదిలీతో కుంటుపడకుండా ఉండాలంటే, దాన్ని చేతుల్లోకి తీసుకునే సంఘం కావాలి.

పుణెలో అలాంటి సంఘం ఉంది. చెత్త ఏరుకునే మహిళలు 1993లో కాగద్ కాచ్ పత్ర కష్టకరీ పంచాయత్ అనే యూనియన్ పెట్టుకున్నారు. వాళ్లలో ఎక్కువమంది దళిత స్త్రీలు. ఆ యూనియన్ నుంచి తర్వాత 'స్వచ్ఛ్' సహకార సంఘం పుట్టింది. మునిసిపల్ కార్పొరేషన్‌తో ఒప్పందం చేసుకుని 3,000 మందికి పైగా సభ్యులు ఇంటింటా చెత్త సేకరిస్తున్నారు. ఇళ్లవాళ్లు నెలవారీ రుసుము కడతారు, పొడి చెత్త అమ్మిన డబ్బు వాళ్లదే. డంపు మీద ఏరుకున్నవాళ్లు గుర్తింపు కార్డుతో గుమ్మం ముందు నిలబడ్డారు. ఆ ఒప్పందం పొడిగింపు కోసం వాళ్లు పదే పదే పోరాడాల్సి రావడం కూడా ఈ కథలో భాగమే.

ఛత్తీస్‌గఢ్‌లోని అంబికాపూర్‌లో స్వయం సహాయక బృందాలకు చెందిన నాలుగు వందల మందికి పైగా మహిళలు వార్డు కేంద్రాల్లోనే చెత్తను రకరకాలుగా వేరు చేస్తున్నారు. పాత డంపు ఉన్నచోట పార్కు వచ్చింది. కేరళలో తిరువనంతపురం చెత్తనంతా మోసిన విళప్పిల్‌శాల గ్రామం 2011 డిసెంబరులో ప్లాంటుకు తాళం వేసింది. నగరం తన చెత్తను తనే చూసుకోవాల్సి వచ్చింది. ఇంటి కంపోస్టు, వీధి కంపోస్టు తొట్లు ఆ ఒత్తిడితోనే పెరిగాయి. చెత్తను ఇంకొకరి ఊరికి పంపే దారి మూసుకుపోతే తగ్గించే దారి దొరుకుతుందని ఆ గ్రామం నేర్పింది.

డంపింగ్ యార్డు వాడ పక్కకు వచ్చినప్పుడు

ప్రభుత్వ భూమి, బంజరు, శ్మశానం పక్క స్థలం, అసైన్డ్ భూమి: యార్డు కోసం అధికారులు ముందు చూసేవి ఇవే. ఇలాంటి భూములు చాలాచోట్ల దళితవాడలను ఆనుకునే ఉంటాయి. కాబట్టి 'ఖాళీ స్థలం అక్కడే ఉంది' అనే సమాధానం వెనక భూమి పంపకాల చరిత్ర ఉంది. ఆ సమాధానాన్ని మనం ఒప్పుకోనవసరం లేదు.

మొదట 200 మీటర్ల దూరం కొలిపించాలి. సర్వే నంబరు, భూమి స్వభావం, కాలుష్య నియంత్రణ మండలి అనుమతి పత్రం అడగాలి. అసైన్డ్ భూమి అయితే గ్రామసభ తీర్మానం, పట్టాదారుల పత్రాలు సేకరించాలి. బోరునీళ్లు పరీక్ష చేయించి తేదీతో సహా దాచాలి. మండలికి ఫిర్యాదు ఇచ్చి, స్పందన లేకపోతే చెన్నైలోని హరిత ట్రిబ్యునల్ దక్షిణ మండల ధర్మాసనాన్ని ఆశ్రయించవచ్చు.

ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కూడా ఇక్కడ పనికొస్తుంది. సెక్షన్ 3(1)(బి) ప్రకారం దళితుల, ఆదివాసీల ఇంటి ఆవరణలో లేదా వాకిట మలం, మురుగు, కళేబరాలు, మరే అసహ్యకరమైన పదార్థం వేసినా నేరం. సెక్షన్ 3(1)(సి) ప్రకారం అవమానించాలనో, హాని చేయాలనో, విసిగించాలనో వాళ్ల పరిసరాల్లో వ్యర్థాలు పడేయడం నేరం. ఇక్కడ ఉద్దేశాన్ని రుజువు చేయాలి. అందుకే ముందు ఇచ్చిన అర్జీలు, వాటి రసీదులు, ఫొటోలు, తేదీలు చాలా ముఖ్యం. ఎన్నిసార్లు చెప్పినా వేస్తూనే ఉన్నారని చూపించే కాగితాలే కేసుకు బలం.

కార్మికుల హక్కులు

కాంట్రాక్టరు జీతం ఎగ్గొడితే అసలు యజమాని, అంటే మునిసిపాలిటీ, చెల్లించాలని 1970 నాటి కాంట్రాక్టు కార్మిక చట్టం చెప్పింది. కొత్త లేబర్ కోడ్‌లోనూ ఆ బాధ్యత ఉంది. పీఎఫ్, ఈఎస్ఐ కోత జీతంలో కనిపించి, ఖాతాలో జమ కాకపోతే అది ఫిర్యాదు చేయాల్సిన విషయం. ఒకే పనికి ఒకే వేతనం సూత్రం తాత్కాలిక ఉద్యోగులకూ వర్తిస్తుందని సుప్రీంకోర్టు 2016లో జగ్జీత్ సింగ్ కేసులో చెప్పింది. ఏళ్ల తరబడి కేంద్ర జల సంఘంలో తాత్కాలికంగా పనిచేసిన సఫాయి మహిళలను క్రమబద్ధీకరించాలని 2024 డిసెంబరులో ఆదేశించింది.

2020 నాటి వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్‌ను విద్యార్థులు శ్రద్ధగా చదవాలి. సంస్థ ప్రధాన పనుల్లో కాంట్రాక్టు కార్మికులను పెట్టకూడదని అది చెబుతుంది. వెంటనే ఊడ్చడం, శుభ్రం చేయడం, చెత్త సేకరణ ప్రధాన పనులు కావని మినహాయిస్తుంది. అయితే ఆ మినహాయింపు, సంస్థ ఆ పని కోసమే ఏర్పడినది కాకపోతేనే వర్తిస్తుంది. చెత్త నిర్వహణ మునిసిపాలిటీ పని అని 12వ షెడ్యూలులోనే రాసి ఉంది. మరి మునిసిపాలిటీకి అది ప్రధాన పని ఎలా కాకుండా పోతుంది? యూనియన్లు గట్టిగా అడగాల్సిన ప్రశ్న ఇది.

హక్కులు కాగితం మీద నుంచి చేతికి వచ్చింది పోరాటాలతోనే. 2015 జూలై సమ్మె తర్వాత జీహెచ్ఎంసీ పారిశుధ్య కార్మికుల వేతనం 8,500 నుంచి 12,500 రూపాయలకు పెరిగింది. 2023 జూలైలో తెలంగాణ గ్రామ పంచాయతీ కార్మికులు, 2023 డిసెంబరు చివర ఆంధ్రప్రదేశ్ మునిసిపల్ కార్మికులు సమ్మెకు దిగారు. సమ్మె రోజుల్లో వీధులు కంపు కొట్టినప్పుడు పత్రికలు ప్రజల ఇబ్బంది గురించి రాశాయి. ఆ కంపు మధ్య ఏడాదంతా నిలబడేవాళ్ల ఇబ్బంది గురించి రాయడం మన పని.

మన ఊళ్లో అడగాల్సినవి

సమాచార హక్కు చట్టం కింద ఒక్క దరఖాస్తుతో మొదలుపెట్టవచ్చు:

1. స్థానిక సంస్థ ప్రతి ఏటా ఇవ్వాల్సిన వార్షిక నివేదిక నకలు. రోజుకు ఎన్ని టన్నులు సేకరించారు, ఎన్ని శుద్ధి చేశారో అందులో ఉండాలి.
2. గత 12 నెలల వేతన రిజిస్టరు, పీఎఫ్, ఈఎస్ఐ చలాన్ల నకళ్లు.
3. చేతి తొడుగులు, బూట్లు, రెయిన్‌కోట్ల కొనుగోలు బిల్లులు, కార్మికులకు పంచిన రిజిస్టరు.
4. కార్మికులకు వైద్య పరీక్షలు జరిపిన తేదీలు.
5. గుర్తించిన చెత్త ఏరుకునేవాళ్ల సంఘాలు, ఇచ్చిన గుర్తింపు కార్డుల సంఖ్య.
6. డంపింగ్ యార్డు అనుమతి పత్రాలు, సర్వే నంబరు.

జవాబులు వచ్చాక వాటిని కార్మికుల ముందు చదివి వినిపించండి. తొడుగులు పంచినట్టు రిజిస్టరులో ఉన్న సంతకాలు వాళ్లవేనా అని అడగండి. చాలా ఉద్యమాలు ఆ ఒక్క ప్రశ్నతోనే మొదలవుతాయి.

మన ఇంట్లో, మన హాస్టల్లో చేయాల్సిందీ ఉంది. తడి, పొడి వేరు చేద్దాం. గాజుముక్కలు, బ్లేడ్లు కాగితంలో చుట్టి పైన రాద్దాం. ప్యాడ్లు పొట్లం కడదాం. అంబేద్కర్ జయంతి సభలకు ప్లాస్టిక్ గ్లాసులు తెప్పించి, మర్నాడు ఉదయం వాటిని ఏరే పని మన వాడ అక్కలకే వదలకుండా ఉందాం. ఇదేమీ దయ కాదు. నా మురికి నేను తాకగలను, దాన్ని తాకడానికి ఒక కులం అక్కర్లేదు అని చేతలతో చెప్పడం.

ఊరు శుభ్రంగా ఉండాలని మేమూ కోరుకుంటాం. వాడను మురికి చేయకుండా, వాడ మనుషుల్ని తరతరాలుగా చీపురుకు కట్టేయకుండా శుభ్రంగా ఉండే ఊరు మాకు కావాలి. అందుకు కావాల్సిన పద్ధతులూ, చట్టాలూ చాలావరకు మన దగ్గరే ఉన్నాయి. వాటిని అడిగి అమలు చేయించే సంఘాలు కట్టుకోవడం మిగిలింది.